అయ్యవారు ఏ దారిన వచ్చారు?



కొంతకాలం క్రితం తెలుగు పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి నన్నొక ప్రశ్న అడిగింది. "సార్, ఇంకే పనీ దొరకనోళ్ళే తెలుగు అయ్యవార్లు అవుతారంట గదా? మా నాయన చెప్పినాడు." తరగతి అంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను ఏదో రెండు మాటలు చెప్పి మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానాన్ని మీ ముందు పెట్టడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ తండ్రి మీద నాకు కోపం లేదని ముందే మనవి చేస్తాను. ఆయన మాటలో సగం నిజం ఉన్నది. మిగిలిన సగం కోసం చరిత్రలోకి వెళ్ళాలి.

మేముండేది దేవనహళ్ళిలో. టిప్పు సుల్తాను పుట్టిన ఊరుగా దీనిని లోకం ఎరుగును. 2008లో విమానాశ్రయం తెరిచిన నాటినుంచి మరొక విధంగా ఎరుగును. మా తరగతిలో రెండు రకాల తెలుగు పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. తరతరాలుగా ఈ మట్టిలోనే ఉంటూ ఇంట్లో మొరసునాటి తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాల పిల్లలు కొందరు. అనంతపురం నుంచీ, కడప నుంచీ, పాలమూరు నుంచీ కట్టడాల పనికి వచ్చినవారి పిల్లలు మరికొందరు. ఒకరి తెలుగు విని మరొకరు నవ్వుకుంటారు. ఇద్దరూ కలిసి నా పుస్తకాల తెలుగు విని నవ్వుకుంటారు.

ఈ నేలకు తెలుగు కొత్తగా వచ్చిన చుట్టం కాదు. బెంగళూరు నిర్మాత కెంపేగౌడ పూర్వీకులు స్థిరపడిన ఆవతి ఈ తాలూకాలోని ఊరే. ఆ కెంపేగౌడ 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానాన్ని తెలుగులో రచించినట్లు సాహిత్య చరిత్రకారులు చెబుతారు. 2022 నవంబరులో విమానాశ్రయం వద్ద నిలిపిన 108 అడుగుల ఆయన విగ్రహం ముందునుంచి రోజూ వేలమంది ప్రయాణిస్తారు. ఆయన పేరుతో ఒక తెలుగు రచన ఉన్నదని వారిలో ఎందరికి తెలుసు? మన పిల్లలకైనా మనం చెప్పామా?

2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 35 లక్షల పైచిలుకు. అంటే నూటికి ఇంచుమించు ఆరుగురు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం 1956 నుంచీ చెబుతున్నది. తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ ఉంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలనే సూత్రానికి 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. లెక్కలూ ఉన్నాయి, అధికరణాలూ ఉన్నాయి. కాని బల్లల ముందు నిలబడి పాఠం చెప్పవలసినవాడు ఒక మనిషి. ఆ మనిషి ఎక్కడినుంచి వస్తాడు? ఎందుకు వస్తాడు? వచ్చినవాడు ఎందుకు ఉండిపోతాడు? ఆ అమ్మాయి అడిగినది ఇదే.

పూర్వం ఈ ప్రశ్న పుట్టేది కాదు. వీధిబడిలో అయ్యవారి కొడుకు అయ్యవారయ్యేవాడు. ఇసుకలో ఓనమాలు దిద్దించడం, పెద్దబాలశిక్ష వల్లె వేయించడం, దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళి కానుకలు అందుకోవడం ఆయన జీవనం. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ తన జిల్లాలోని బడులను లెక్కించి మద్రాసుకు నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. మొత్తం బడులు 533. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. రెండు భాషలూ ఒకే జిల్లాలో ఇంచుమించు సమానంగా నడిచాయన్నమాట. మనం ఇప్పుడు 'సరిహద్దు' అని పిలుస్తున్న చోట అప్పటి పల్లె ప్రజలు అవసరాన్నిబట్టి ఈ బడికో ఆ బడికో పిల్లలను పంపుకొన్నారు. పేదరికం వలన పిల్లలను బడికి పంపలేనివారు నానాటికీ ఎక్కువవుతున్నారని కూడా కాంబెల్ అదే నివేదికలో రాశాడు.

ఇటువంటి నివేదికలన్నిటినీ చూసిన మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1826 మార్చిలో ఒక మినిట్ రాశాడు. ఉపాధ్యాయులలో అధికులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదనీ, తగిన చదువున్నవారిని ఈ వృత్తిలోకి రప్పించడానికి ఆ మొత్తం చాలదనీ అందులో అన్నాడు. జిల్లా కేంద్రంలోని పెద్దబడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీలు బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు ఇవ్వాలని ప్రతిపాదించాడు. చూశారా! మా తరగతిలోని అమ్మాయి తండ్రి చెప్పిన మాటనే రెండు వందల యేళ్ళ క్రితం ఒక గవర్నరు దస్తావేజు భాషలో చెప్పాడు. జీతం చాలని చోటికి సమర్థులు రారు. ఇది నిజం. ఈ నిజాన్ని త్యాగం పేరుతో కప్పిపుచ్చకూడదు.

అయితే జీతం చెప్పగలిగినది ఒక్కటే, ఎవరు రారన్నది. వచ్చినవారు ఎందుకు వచ్చారో, ఎందుకు నిలిచారో అది చెప్పలేదు. అందుకు మనుషుల జీవితాలు చూడాలి. మూడు జీవితాలను మీ ముందు ఉంచుతాను. ముగ్గురివీ మూడు దారులు.

మొదటివారు మన పొరుగువారు. దేవనహళ్ళికి ఉత్తరాన గౌరిబిదనూరు తాలూకాలో హోసూరు అనే పల్లె ఉన్నది. తమిళనాడులోని హోసూరుతో పొరబడకండి. ఆ పల్లెలో 1920లో ఒక పేద తెలుగు ఇంట హెచ్. నరసింహయ్య జన్మించారు. తండ్రి పల్లె పిల్లలకు చదువు చెప్పినవారు. తల్లి కూలిపనికి వెళ్ళినవారు. ఊళ్ళో ఉన్న చదువు ముగిసింది. ఆపైన హైస్కూలు లేదు. 1935లో బెంగళూరు వెళ్ళడానికి బస్సు ఛార్జీ లేక ఆ పిల్లవాడు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరం కాలినడకన వెళ్ళి నేషనల్ హైస్కూలులో చేరాడు. మరుసటి యేడు గాంధీజీ ఆ పాఠశాలకు వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని కన్నడంలోకి అనువదించిన విద్యార్థి ఇతడే. ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం, అనువదించినది హిందీ. ఇన్ని భాషలు పిల్లలకు బరువవుతాయని బాధపడే తల్లిదండ్రులు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1942 ఉద్యమంలో చదువు విడిచి చెరసాలకు వెళ్ళారు. తిరిగివచ్చి భౌతికశాస్త్రం పూర్తిచేసి, 1946లో తాము చదివిన సంస్థకే చెందిన నేషనల్ కాలేజీలో అధ్యాపకులుగా చేరారు. అమెరికాలోని ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, అక్కడే ఉండిపోకుండా వెనక్కి వచ్చి ప్రిన్సిపాలయ్యారు. 1962లో బెంగళూరు సైన్సు ఫోరమ్‌ను స్థాపించారు. 1972 నుంచి 1977 వరకు బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి. పెళ్ళి చేసుకోలేదు. 2005లో కన్నుమూసేవరకు ఆయన నివాసం విద్యార్థుల హాస్టలులోని ఒక గది. తమ ఆత్మకథకు 'హోరాటద హాది' అని పేరు పెట్టుకున్నారు. పోరాటపు దారి అని దాని అర్థం.

నేను మీ దృష్టికి తేదలచినది ఆయన పదవులను కాదు. ఆయన నాయకత్వంలో నేషనల్ విద్యాసంస్థ ఎక్కడెక్కడ బడులూ కళాశాలలూ పెట్టిందో గమనించండి. హోసూరులో హైస్కూలు. గౌరిబిదనూరులో కళాశాల. తెలుగే ఇంటిభాషగా ఉన్న బాగేపల్లిలో కళాశాల. పదిహేనేళ్ళ వయసులో తన దారి ఎక్కడ తెగిపోయిందో సరిగ్గా అక్కడికే తిరిగివచ్చి ఆ గండి పూడ్చారు. తరువాతి పిల్లవాడు అంత దూరం నడవవలసిన పని లేకుండా చేశారు. ఆయన తెలుగు ఉపాధ్యాయులు కారు. బోధించినది భౌతికశాస్త్రం, రాసుకున్నది కన్నడంలో. అయినా తన బాల్యంలోని కొరతను తన పనిగా మార్చుకున్న ఉపాధ్యాయుడు ఎలా ఉంటాడో చూపడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ నాకు కనబడలేదు.

రెండవవారి దారి ఇందుకు పూర్తిగా భిన్నం. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పండిత కుటుంబంలో పుట్టారు. సంస్కృతాంధ్రాలు, సంగీతం ఆయనకు ఇంటిలోనే దొరికిన సంపద. పాటలోని తొలి రుచి తల్లి ఇచ్చినది. చదువు కోసం మైసూరు వచ్చారు. అక్కడ కట్టమంచి రామలింగారెడ్డి కంటబడ్డారు. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా చేరి 1949 వరకు ఆ కన్నడ నగరంలో తెలుగు చెప్పారు. ముప్ఫై ఏడేళ్ళు! తెలుగుదేశంలో ఉన్నట్లయితే వేలమంది విద్యార్థులు, వందల సభలు దొరికేవేమో. ఇక్కడ తెలుగు చదివేవారు ఎప్పుడూ కొద్దిమందే. ఆ కొద్దిమందికి ఆయన ఏ లోటూ చేయలేదు. వేమనను గురించి 1928లో అనంతపురంలో ఆయన చేసిన ఉపన్యాసాలు నేటికీ మనకు దారిదీపం. కన్నడిగుల సంగీతసాహిత్య లోకం ఆయనను తమవానిగానే ఎంచింది. ఆయన కన్నడంలోనూ వ్యాసాలు రాశారు. పదవీ విరమణ తరువాత తిరుపతి చేరి అన్నమయ్య రాగిరేకులలోని కీర్తనలను పరిష్కరించి, ఎన్నిటికో స్వరాలు కూర్చారు.

నరసింహయ్యగారిని నడిపించినది లేమి అయితే శర్మగారిని నడిపించినది కలిమి. ఇక్కడ కలిమి అంటే నా ఉద్దేశం డబ్బు కాదు. ఇంటిలో తల్లిదండ్రులు ఊరికే ఇచ్చిన విద్య. అది తన దగ్గరే ఆగిపోతే అప్పు ఎగవేసినట్లే. ఆయన ఎగవేయలేదు.

మూడవవారు గిడుగు రామమూర్తి. ఆయన్ను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనమంతా ఎరుగుదుము. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. కాని ఆయన ఉపాధ్యాయుడు ఎలా అయ్యారో చెప్పుకోవడం తక్కువ. 1863లో పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ప్రైవేటుగా చదువుకొని మెట్రిక్యులేషన్ ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. కుటుంబం గడవడానికి ఉద్యోగం కావాలి, దొరికినది బడిలో ఉద్యోగం. ఆ అమ్మాయి తండ్రి చెప్పిన సూత్రం ప్రకారం రామమూర్తిగారు కూడా 'ఇంకే పనీ దొరకనివారే'!

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వారి పిల్లలకు చదువు లేదు. వారి భాషకు పుస్తకం లేదు. రామమూర్తిగారు తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి అయ్యవార్లను నిలిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే తనకు వద్దనీ, ఆ సొమ్ముతో సవరలకు వారి భాషలోనే బడి పెట్టమనీ కోరారని చెబుతారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. పదిహేడేళ్ళ వయసులో బ్రతుకుతెరువు కోసం చేరిన ఉద్యోగం ఆరు దశాబ్దాల తపస్సుగా మారింది. ఆయన సవర ఇంట పుట్టలేదు. వారి కష్టం ఆయన బాల్యపు కష్టం కాదు. ఆయనకు ఆ ప్రేరణ ఇంటినుంచి రాలేదు. ఎదుట కూర్చున్న పిల్లవాడి ముఖం నుంచి వచ్చింది. ఈ పిల్లవాడికి నా మాట ఎందుకు అర్థం కావడం లేదు అని అడుక్కున్నవాడే పిల్లవాడి భాష నేర్చుకుంటాడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అమెరికా సమాజశాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో ఉపాధ్యాయ వృత్తిపై ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. ఏ వృత్తిలోనైనా చేరిన తరువాతే శిష్యరికం మొదలవుతుంది, ఉపాధ్యాయ వృత్తికి మాత్రం ఒకటో తరగతిలోనే మొదలవుతుందని అతని వాదన. హైస్కూలు ముగిసేసరికి పిల్లవాడు ఉపాధ్యాయులను దగ్గరనుంచి చూస్తూ ఇంచుమించు పదమూడువేల గంటలు గడుపుతాడని లెక్క కట్టాడు. మనం పాఠం చెప్పే తీరు, బెత్తం పట్టే తీరు, పిల్లవాడి తప్పుకు నవ్వే తీరు అన్నీ మన అయ్యవార్ల దగ్గర మనకు తెలియకుండానే నేర్చినవి. అంటే 'నేపథ్యం' అనే మాటలో కులం, ఊరు, ఇంటిభాష, ఆస్తి మాత్రమే లేవు. మనకు చదువు చెప్పినవారు కూడా మన నేపథ్యమే. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ సంగతి మనకు కొంత భయం కలిగించాలి. రేపటి తెలుగు అయ్యవారు ఈనాడు మన తరగతిలోనే కూర్చొని మనలను గమనిస్తున్నాడు. మన విసుగును కూడా గమనిస్తున్నాడు.

ఇక నా సంగతి. ఇతరుల కథలు చెప్పి నా కథ దాచడం న్యాయం కాదు. నేను ఆశయంతో ఈ వృత్తిలోకి రాలేదు. వేరే ఉద్యోగాలకు పరీక్షలు రాశాను, రాలేదు. తెలుగు చదివినవాడిని గనుక తెలుగు చెప్పే పని దొరికింది. మొదటి రెండేళ్ళూ గడియారం చూస్తూ పాఠం చెప్పాను. ఒకనాడు కట్టడం పనివారి పిల్లవాడొకడు ఉత్తరం పట్టుకొని వచ్చాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళ అవ్వ ఎవరిచేతనో రాయించినది. "నాకు చదవడం వస్తాది సార్, తప్పుంటే చెప్పండి" అని నా ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు. మూడు తప్పులు చదివాడు. ఒక్కటి కూడా దిద్దలేకపోయాను. మా అమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు ఇంటికి వచ్చిన ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆ సంగతి అన్నేళ్ళుగా మరచిపోయాను. ఆ పిల్లవాడు గుర్తుచేశాడు. ఆ తరువాత గడియారం చూడలేదని చెప్పను, తక్కువసార్లు చూశాను.

ఈ జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచినది ఇది. నేపథ్యం మనిషిని బడి గుమ్మం దాకా తెస్తుంది. లేమి తేవచ్చు, కలిమి తేవచ్చు, వేరే దారి లేకపోవడమూ తేవచ్చు. గుమ్మం దాటిన తరువాత, తన బాల్యానికీ ఎదుటి పిల్లవాడి బాల్యానికీ మధ్య ఏదో ఒక దారం కనబడాలి. అది కనబడినవాడు ఉండిపోతాడు. కనబడనివాడు ఎంత గొప్ప ఆశయంతో వచ్చినా అలసిపోతాడు.

అందువలన తల్లిదండ్రులకు నా విన్నపం రెండు మాటలు. ఉపాధ్యాయుడు ఎక్కడివాడు, ఏ కులంవాడు, ఏ యాస మాట్లాడుతాడు అని కొలిచి అతని శ్రద్ధను అంచనా వేయకండి. పేదరికం చూసినవాడే బాగా చెబుతాడన్న నియమం లేదు. తెలుగు ఇంట పుట్టినవాడే తెలుగును ప్రేమిస్తాడన్న నియమమూ లేదు. రెండవది, అతని శ్రద్ధను చూసి అతని జీతాన్ని మరచిపోకండి. మన్రో 1826లో చెప్పిన మాట నేటికీ చెల్లుతుంది. నరసింహయ్యగారు హాస్టలు గదిలో జీవించారు గనుక ప్రతి ఉపాధ్యాయుడూ అలాగే జీవించాలని కోరే హక్కు సమాజానికి లేదు. ఖాళీ అయిన తెలుగు పోస్టును నింపమని అర్జీ పెట్టేటప్పుడు ఉపాధ్యాయుడి సంతకం ఒక్కటే ఉంటే అది అతని సొంత గోడుగా కనబడుతుంది. దాని కింద మీ సంతకాలు ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న పని చెబుతాను. ఈ వారం ఒక పీరియడు పాఠం పక్కనపెట్టి, మీరు ఈ వృత్తిలోకి ఎలా వచ్చారో పిల్లలకు నిజం చెప్పండి. అందంగా ఉండనక్కరలేదు. తరువాత వారి ఇళ్ళలో మొదట చదువుకున్నది ఎవరో, వారికి అక్షరాలు నేర్పినది ఎవరో అడిగి తెలుసుకొని నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకొని రమ్మనండి. అవ్వలనూ తాతలనూ అడగక తప్పదు గనుక ఇంట్లో తెలుగు మాటలు నడుస్తాయి. మా తరగతిలో ఆ పని మొదలుపెట్టాను.

ఆ అమ్మాయిని మొన్న పిలిచి చెప్పాను. "మీ నాయన చెప్పినది నా విషయంలో నిజమేనమ్మా. వేరే పని దొరకకనే వచ్చినాను. ఇప్పుడు వేరే పని ఇస్తామన్నా పోను." ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఆ మాట మా నాయనకు మీరే చెప్పండి సార్" అన్నది. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఆయన్ను తీసుకొని రమ్మన్నాను.